మబ్బుకు ముహూర్తం

మీలో ఎవరైనా ఒక పసుపు కాలంలో, ఒక శుక్రవారం పూట, కర్నూలు నుంచి కడపకు బస్సులో వస్తూ మైదుకూరు దగ్గర ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుని ఉంటే, ఇరుక్కున్న విసుగులో ఊరూ పేరూ తెలియని ఒకడిని తిట్టి ఉంటే, ఆ తిట్లు చిరునామా తప్పకుండా నాకు చేరాయని మనవి చేసుకుంటున్నాను. ఆ రోజు కొందరు రోడ్డును తిట్టారు, కొందరు పోలీసులను తిట్టారు. పాపం, వాళ్ళెవరూ ఏమీ చేయలేదు. చేసింది నేను. లోకంలో చాలామంది కాలాన్ని వృథా చేస్తారు, ఇంకొందరు కాలక్షేపం చేస్తారు. నేను కాలాన్ని పట్టుకుని గంటన్నర వెనక్కి నెట్టాను. ఎందుకు నెట్టానో చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు రెండు గంటలదాకా మాత్రం నవ్వినవాడు ఒక్కడూ లేడు.

నా పేరు దేవసహాయం. పిలవడానికి పొడుగైందని ఆఫీసులో ముందున్న దేవుణ్ణి తీసేసి సహాయం ఒక్కటే మిగిల్చారు. కంప్యూటర్లు చూసుకునే వాడికి ఇంతకన్నా అచ్చొచ్చే పేరు ఉండదని మొదట్లో మురిసిపోయాను. తర్వాత తెలిసింది. ప్రింటరు కదలకపోతే సహాయం, పాస్‌వర్డు మరిచిపోతే సహాయం, ఫ్యాను తిరగకపోయినా, కుర్చీ కాలు ఊగినా సహాయమే. బావిలో పడ్డవాడు అరిచినట్టు రోజంతా ఆఫీసులో నా పేరు మోగుతుండేది.

మాది శీతల గిడ్డంగి వ్యాపారం. కడపలో ఆఫీసు, మైదుకూరు దగ్గర రోడ్డు పక్కనే గిడ్డంగి, డోన్‌లో ఒక గోదాము. రైతులు పసుపు తెచ్చి మా దగ్గర దాచుకుని, ధర వచ్చినప్పుడు తీసి అమ్ముకుంటారు. యజమాని ఓబులరెడ్డి. అందరికీ ఓబులన్న.

చల్లదనం అమ్ముకునే మా కంపెనీలో చల్లదనం లేని చోటు ఒక్కటే, సర్వర్ల గది. గిడ్డంగిలో పసుపు కొమ్ములు దుప్పటి అడిగేంత చలిలో హాయిగా నిద్రపోతుంటే, కడప ఆఫీసు వెనక గదిలో మా మూడు సర్వర్లు ఎండాకాలం కుక్కల్లా రొప్పుతుండేవి. ఆ గది ఏసీకి ఆయాసం. ఒకసారి నేను, "అన్నా, సర్వర్లను కూడా మైదుకూరు తీసుకుపోయి రెండు బస్తాల నడుమ పెడదామా?" అని అడిగితే, ఓబులన్న చాలా గంభీరంగా, "వాటి బాడుగ ఎవరిస్తారప్పా?" అన్నాడు.

ఆ మూడు ఇనుప పెట్టెల్లో నిజానికి పదీ పన్నెండు కంప్యూటర్లు ఉండేవి. కంటికి కనపడని కంప్యూటర్లు. వర్చువల్ మెషిన్లు అంటారు. అర్థం కాకపోతే ఉమ్మడి కుటుంబాన్ని తలుచుకోండి. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, కానీ నలుగురు కోడళ్ళలో ఎవరికి వారు ఇల్లంతా తమదే అనుకుంటూ వేరు కాపురాలు చేస్తుంటారు. ఈ కాపురాలన్నిటికీ ఒక పెద్ద మెషిను ఉంది. లోపలికి ఎవరు రావచ్చో, ఇప్పుడు టైము ఎంతో, మిగతావన్నీ దాన్నే అడిగి తెలుసుకుంటాయి. దానికి నేను పెద్దాయన అని పేరు పెట్టుకున్నాను. ఈ పెద్దాయనను కాస్త గుర్తుంచుకోండి. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను గానీ, పలుగు మాత్రం ఆయన దగ్గరే తీసుకున్నాను.

ఏసీ పూర్తిగా మంచం పట్టాక ఒక రోజు ధైర్యం చేసి ఓబులన్న ముందు కూర్చున్నాను. మన మెషిన్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే హైదరాబాదులో ఒక కంపెనీ దగ్గరికి మార్చేద్దామని, అక్కడ మనకంటూ వేరే చోటు ఇస్తారని, పక్కవాళ్ళతో కలపరని, కరెంటూ చల్లదనం రిపేర్లూ అన్నీ వాళ్ళే చూసుకుంటారని, దాన్ని ప్రైవేట్ క్లౌడ్ అంటారని చెప్పాను.

"క్లౌడ్ అంటే?"

"మబ్బు అన్నా."

ఆయన కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. "కడప జిల్లాలో మబ్బును నమ్ముకోని బాగుపడినోన్ని ఒకన్ని చూపీ" అన్నాడు.

చూపించలేకపోయాను. ఇది కురిసే మబ్బు అన్నా, అని మాత్రం అన్నాను.

"సొంతం అంటావు, మళ్ళ వాళ్ళే చూసుకుంటారంటావు. మన ఆవును పక్కింట్లో కట్టేసినట్టుండాది."

"పాలు మనకే అన్నా. పేడ ఎత్తేది వాళ్ళు."

ఆ పోలిక ఆయనకు శానా నచ్చింది. నాకూ నచ్చింది, ఆయన తర్వాతి ప్రశ్న అడిగేదాకా.

"అట్లయితే ఇన్నాళ్ళు పేడ ఎత్తిన నువ్వు ఇంగ ఏం చేస్తావప్పా?"

వాళ్ళు సరిగ్గా ఎత్తుతున్నారో లేదో చూస్తానన్నాను. ఆయన పళ్ళు కుట్టుకుంటూ కాసేపు ఆలోచించి, "ముందు ఇది ఏ గొడవా లేకుండా కానీ. అయినంక నువ్వు ఉండాల్నో వద్దో చెప్తా" అన్నాడు.

మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నాడని పెద్దలు ఒకడి గురించి చెబుతుంటారు. వాడు నాకంటే తెలివైనవాడు. వాడికి కనీసం ముంత మిగిలింది. నేను ముంతను కూడా అట్టపెట్టెలో కట్టి హైదరాబాదు పంపించే పథకం సొంత నోటితో చెప్పి వచ్చాను. ఇంటికి పోతే మా ఆవిడ సుగుణ కొత్తగా తీసుకున్న బాడుగ ఇంటికి కిటికీ తెరలు కొలుస్తోంది. పొడుగు ఎంత పెట్టాలని అడిగింది. ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటామో తేలాక కుట్టిద్దామని చెప్పలేక, కొంచెం పొట్టిగానే పెట్టమన్నాను.

పని మొదలైంది. హైదరాబాదు కంపెనీ తరఫున కీర్తన అనే అమ్మాయి ఫోన్లో వచ్చేది. గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేది. కొంప మునిగిందని చెప్పినా, కాఫీ తాగారా అని అడిగినా ఒకటే శ్రుతి. ఇక్కడి మెషిన్లు నడుస్తుండగానే వాటి నకళ్ళు అక్కడికి చేరుతుంటాయని, అన్నీ చేరాక ఒక రోజు ఇక్కడ ఆపి అక్కడ మొదలుపెడితే సరిపోతుందని చెప్పింది. ఆ ఆపి మొదలుపెట్టే ఘడియ శుక్రవారం పదకొండు గంటలకు ఖాయం చేసింది.

ఈ సంగతి ఓబులన్నకు చెప్పాను. ఆయన పంచాంగం తీశాడు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. పదకొండుకు కొత్త పొయ్యి వెలిగిస్తే ఆరిపోతాది. తొమ్మిదీ నలభైకి బాగుండాది. అప్పుడు చెయ్."

మా ఇంట్లో ముహూర్తాలు చూసే అలవాటు లేదు. మా చర్చిలో పదింటికి పెళ్ళి అంటే పాస్టరుగారు పదింటికే వస్తారు, పెళ్ళివాళ్ళు పన్నెండుకు వస్తారు, ఎవరికీ ఏ నష్టమూ జరగదు. రాహువు గురించి నాకు తెలిసిందల్లా ఆయన శుక్రవారం పదిన్నరకు డ్యూటీ ఎక్కి పన్నెండుకు దిగుతాడని. మా తాలూకాఫీసులో కూడా అంత నిక్కచ్చిగా వచ్చి పోయేవాళ్ళు లేరు. అంచేత ఆయనమీద నాకు గౌరవమే తప్ప భయం లేదు. భయమంతా ఓబులన్న మీదే.

కీర్తనకు ఫోన్ చేసి కొంచెం ముందుకు జరపమన్నాను.

"ఒకసారి స్లాట్ పడితే మార్చలేమండీ. ఇది పోతే మళ్ళీ వచ్చే నెలే. ఏదైనా టెక్నికల్ కారణం ఉందా?"

"ఇక్కడ పాత ప్రాసెస్ ఒకటి ఉందండీ. పదిన్నరకు మొదలై పన్నెండు దాకా నడుస్తుంది. దాన్ని ఆపడం మా చేతుల్లో లేదు." చూడండి, ఇందులో ఒక్క అబద్ధమూ లేదు.

"దాని లాగ్స్, టైము రికార్డులు పంపించండి, చూస్తాను."

పంచాంగంలో ఆ పేజీ ఫొటో తీసి పంపుదామని ఒక్క క్షణం చెయ్యి లేచింది. దించుకున్నాను. హైదరాబాదులో స్లాటే ముహూర్తం, మైదుకూరులో ముహూర్తమే స్లాటు. రెండిటి నడుమ నేను. వచ్చే నెలదాకా ఆగుదామంటే ఏసీ ఆగేలా లేదు. ఏసీ పోతే సర్వర్లు, సర్వర్లు పోతే నేను, ఒకరి వెనక ఒకరం వరసగా పోవలసినవాళ్ళమే.

అప్పుడు ఓబులన్నే దారి చూపించాడు, తెలియక. గురువారం సాయంత్రం కుటుంబంతో శ్రీశైలం పోతున్నానని, దర్శనం ముగించుకుని శుక్రవారం రాత్రికి వస్తానని చెప్పి, "నేను ఉండను గానీ, ముహూర్తానికి మీట నొక్కేటప్పుడు ఫొటో పంపు. తెర మూలన టైము కనపడాల" అన్నాడు.

టైము కనపడాలి. అంతేగా.

తెలివి అనేది పొంగే పాలలాంటిది. గిన్నె దాటేదాకా అదెంత ఎత్తుకు పోతోందో చూసి సంతోషిస్తాం. నా ఆలోచన ఇది: పదకొండు గంటలకు పెద్దాయన గడియారాన్ని తొమ్మిదీ నలభైకి తిప్పుతాను, ఫొటో తీస్తాను, మళ్ళీ ముందుకు తిప్పేస్తాను. ఒక్క నిమిషం పని. ఫోన్లో సందేశం ఆలస్యంగా కనపడినా నల్లమల అడవిలో సిగ్నల్ ఉండదు కదా, ఆ నింద అడవి మోస్తుంది. ఓబులన్నకు ముహూర్తం, కీర్తనకు స్లాటు, నాకు ఉద్యోగం. ముగ్గురికీ న్యాయం చేసే మనిషి కడపలో నేనొక్కడినే అనిపించి ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

ఇక్కడ మీకు మైదుకూరు గేటు సంగతి ఒకటి చెప్పాలి. పసుపు కాలంలో ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఇదివరకు గేటు దగ్గర నంబర్లు రాసిన చీటీలు ఇచ్చేవాళ్ళం. అయితే ఆ చీటీలు ముందు రోజే బావమరదులకూ వియ్యంకులకూ చేరిపోతున్నాయని పెద్ద రభస అయింది. ఒక పక్షంవాళ్ళు ఇంకో పక్షం ట్రాక్టరు గాలి తీసేదాకా పోయింది. అప్పుడు ఓబులన్న ఒక తీర్పు చెప్పాడు: నంబర్లు వద్దు, ఎవరు ఎప్పుడు గేటు దాటితే ఆ టైమే వరస, టైముకు బంధువులు లేరు. ఆ మాటకు రైతులందరూ ఒప్పుకున్నారు. అప్పటినుంచి గేటు దగ్గర టోకెన్ మిషను టైము కొట్టిన చీటీ ఇస్తుంది, ఎర్రటి పెద్ద బోర్డు మీద టైము కనిపిస్తుంటుంది, ఎవరి చీటీలో టైము ముందుంటే వాళ్ళను మిషను కాటా దగ్గరికి పిలుస్తుంది. ఒక్క నిమిషం తేడా వచ్చినా కర్రలు లేస్తాయి కాబట్టి, ఆ మిషన్లన్నీ నిమిషానికోసారి పెద్దాయనను టైము అడిగేట్టు ఏర్పాటు చేసిన మేధావి ఒకడున్నాడు. వాడి పేరు కూడా సహాయమే.

ఆ సంగతి శుక్రవారం పదకొండింటికి నాకు గుర్తు రాలేదు.

స్లాటుకు పది నిమిషాలు ఆలస్యంగా, పదకొండూ పదికి కీర్తన ఫోన్లోకి వచ్చింది. రెడీనా అని అడిగింది. గడియారం తిప్పుతూ రెడీ అన్నాను. తొమ్మిదీ నలభై పడింది. ఫొటో తీశాను. మూలన టైము ముత్యంలా వచ్చింది. ఇక ముందుకు తిప్పుదామని చెయ్యి పెట్టేసరికి తెర నల్లబడింది.

"మీరు రెడీ అన్నారు కదండీ, ఇక్కడినుంచే షట్‌డౌన్ ఇచ్చాను" అంది కీర్తన, అదే శ్రుతిలో.

పరవాలేదనుకున్నాను. ఎలాగూ పాత పెద్దాయన పోయాడు. ఆయన నకలు అక్కడ లేచి, అక్కడి సరైన టైము చూసుకుంటాడు. చూసుకున్నాడు కూడా. ఒక్కొక్క మెషినూ మబ్బులో పచ్చదీపం వెలిగించుకుంటూ లేచింది. ఓబులన్నకు ఫొటో పంపి, కింద "స్వామి దయవల్ల ముహూర్తానికే జరిగింది అన్నా" అని కూడా రాశాను. మా ఇంట్లో తెలిస్తే ఆదివారం మొదటి వరసలో కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాళ్ళు. ఆ ఆనందంలో కారం దోసె తెప్పించుకున్నాను.

దోసె సగంలో ఉండగా మైదుకూరు నుంచి కాటా చూసే మస్తాన్ ఫోన్ చేశాడు.

"సహాయం, నీ మిషనుకు పొద్దున్నే ఏమన్నా తాపినావా?"

"ఏమైంది మస్తానన్నా?"

"ఇప్పుడే గేట్లోకి వచ్చిన ట్రాక్టరును పిలుస్తాండాది. పొద్దున్నించి నిలబడినోళ్ళను ఇంగా పుట్టనే లేదంటాండాది."

నోట్లో కారం కళ్ళలోకి ఎక్కింది. ఆ ఒక్క నిమిషంలోనే టోకెన్ మిషను పెద్దాయనను టైము అడిగింది. ఆయన చివరి శ్వాసలో తొమ్మిదీ నలభై అని చెప్పి కన్నుమూశాడు. పెద్దల చివరి మాట కదా, మిషను దాన్ని గట్టిగా పట్టుకుంది. అంటే పదింటికి వచ్చినవాళ్ళ చీటీలో పది. పదకొండుంబావుకు వచ్చినవాడి చీటీలో తొమ్మిదీ ముప్పావు. టైమే వరస. వెనక వచ్చినవాడు ముందు.

కొత్త పెద్దాయన ఉన్నాడు కదా, మళ్ళీ అడిగి సరిచేసుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అదే అన్నాను. కానీ తన టైముకూ వచ్చినవాడి టైముకూ నాలుగైదు నిమిషాలకు మించి తేడా ఉంటే పెద్దాయన వాణ్ణి దొంగ కింద లెక్కగట్టి గడప తొక్కనివ్వడు. టైము సరిచేసుకోవాలంటే లోపలికి రావాలి, లోపలికి రావాలంటే టైము సరిగ్గా ఉండాలి. పెళ్ళి అయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఎవరో ఒకరు పోయి ప్రతి మిషను ముందూ కూర్చుని చేత్తో దిద్దాలి. ఆ దిద్దే పాస్‌వర్డు నాకొక్కడికే ఇచ్చుకున్నాను, ముందు జాగ్రత్తగా.

ఇంతలో మస్తాన్ చేతిలోంచి ఫోను ఎవరో లాక్కున్నారు. ఆడగొంతు. దువ్వూరు పక్క పల్లెనుంచి పసుపు తెచ్చిన లక్షుమ్మ.

"ఏమప్పా, నేను పది గంటలకు వచ్చినా. ఇప్పుడొచ్చిన మనిషి నాకంటే ముందొచ్చినాడంట. యాడినుంచి వచ్చినాడు, నిన్ననే వచ్చి గేటు కింద పండుకున్నాడా?"

"కొంచెం టెక్నికల్ సమస్య అమ్మా, సరిచేస్తున్నాను."

"నీ పేరేంది?"

"సహాయం."

"మార్చుకో" అని ఫోను మస్తాన్‌కు ఇచ్చేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మన రాయలసీమ రైతు ఎండకు ఓర్చుకుంటాడు, కరువుకు ఓర్చుకుంటాడు, తన వెనకవాడు ముందుకు పోతే మాత్రం ఓర్చుకోడు. అయితే కోపం కంటే తెలివి ముందు పనిచేసింది. వరసలో ఉన్న ఒకాయన గేటు దగ్గర కాసేపు నిలబడి కొత్తగా వచ్చేవాళ్ళ చీటీలు చూశాడు. బోర్డు చూశాడు. తన చీటీ చింపి పారేసి, ట్రాక్టరు స్టార్టు చేసి, గేటు బయటికి పోయి, తిరిగి లోపలికి వచ్చాడు. కొత్త చీటీలో టైము పాత చీటీ కంటే ముందుకు వచ్చింది. వెంటనే కాటాకు పిలుపు.

ఆ రహస్యం ఎంతసేపు దాగుతుంది? మస్తాన్ వార్త చెప్పే పద్ధతిలో చెప్పాడు: "అందరూ బయటికి పోయి మళ్ళ వస్తామంటాండారు. రివర్సు తీస్తాండారు. సహాయం, రోడ్డు కనపడల్యా."

ట్రాలీ తగిలించిన ట్రాక్టరు రివర్సు తీయడం మీరెప్పుడైనా చూశారా? తల ఒక దిక్కుకు పోతే తోక ఇంకో దిక్కుకు పోతుంది. అలాంటివి ఒక వరస మొత్తం, అందరూ ఒకేసారి బయటికి పోయి పుణ్యం తెచ్చుకుందామని బయల్దేరాయి. బయటినుంచి కొత్తవి లోపలికి వస్తున్నాయి. కర్నూలు బస్సు అడ్డంగా చిక్కింది, దాని వెనక లారీలు. పది నిమిషాల్లో మైదుకూరు రోడ్డు మీద చీమ కూడా టోకెన్ లేకుండా కదల్లేని పరిస్థితి వచ్చింది.

డోన్ గోదాము గుమాస్తా ఫోన్ చేసి, తాను భోజనానికి పోవాలంటే తెర మీద ఇంకా టిఫిను టైమే ఉందని, పోవచ్చునా అని అడిగాడు. కీర్తన ఫోన్ చేసింది.

"సార్, మీ బ్రాంచీ మెషిన్లలో టైము గంటన్నర వెనక ఉందండీ. ఎవరైనా మార్చారా?"

"ఇక్కడ ఎండలెక్కువండీ. గడియారాలు కొంచెం మెల్లగా నడుస్తాయి."

"అది కంప్లైంటు టికెట్‌లో ఎలా రాయమంటారు?" అంది. ఆ అమ్మాయి శ్రుతి మారడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

మోటారు సైకిలు తాళంచెవి వెతుక్కుంటుంటే మళ్ళీ ఫోను మోగింది. ఓబులన్న. శ్రీశైలంలో ఉన్నాడు, అడవిలో ఉన్నాడు, సిగ్నల్ లేదు అని నేను నమ్ముకున్న ఓబులన్న. గొంతు వెనక హారన్లు మోగుతున్నాయి.

"సహాయం, ఇప్పుడు టైమెంత?"

ఎదురుగా గోడ గడియారం ఒంటిగంట. తెర మీద పదకొండున్నర. సత్యమా, సంసారమా అన్నట్టు రెండూ నా వైపే చూస్తున్నాయి. నా నోటినుంచి వచ్చిన మాట నాకే వినపడింది.

"ఏ టైము అన్నా?"

"టైమెంతంటే ఏ టైమని అడిగినోన్ని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు ఓబులన్న. "తెల్లారే దర్శనం దొరికింది, బయల్దేరినాం. నీ ఫొటో ఆళ్ళగడ్డలో వచ్చింది. అడవి దాటినాక వచ్చిందిలే అనుకున్నా. ఇప్పుడు మైదుకూరులో మన గేటు కాడనే ఇరుక్కోనుండా. నా వాచీలో ఒకటి. మన బోర్డులో పదకొండున్నర. ఈడికి రా."

కడప నుంచి మైదుకూరు దాకా ఏ చెట్టూ నన్ను ఓదార్చలేదు. చివరి రెండు మైళ్ళు బండి తోసుకుంటూ ట్రాక్టర్ల మధ్య నడిచాను. ప్రతి ట్రాక్టరు మీదా ఒకరు, ఎవడో సహాయమంట, వాడొస్తే చూద్దామని మాట్లాడుకుంటున్నారు. నేనూ తల ఊపి, వాడు వస్తే నాకూ చెప్పండి అని ముందుకు సాగాను.

గేటు పక్క రేకుల నీడలో కుర్చీ వేసుకుని ఓబులన్న కూర్చున్నాడు. నుదుట విభూతి చెమటకు కారుతోంది. పక్కనే లక్షుమ్మ, ఇంకా నలుగురు రైతులు, మస్తాన్. ముందు పని చూడమన్నాడు. మిషన్ల ముందు కూర్చుని ఒక్కొక్కదానికీ చేత్తో టైము దిద్దాను. ఎర్ర బోర్డు మీద పన్నెండూ ముప్పావు చప్పున రెండుంబావు అయింది. లక్షుమ్మ దాన్ని చూసి, "నా గంటన్నర యాడికి పోయింది?" అంది. అంతలో ఓబులన్న పిలిచాడు.

"ఎందుకు తిప్పినావప్పా?"

"మీట నొక్కేటప్పుడు రాహుకాలం తగలకూడదని అన్నా."

ఆయన వేళ్ళు మడిచి లెక్క వేశాడు. తీరిగ్గా, ఒక్కొక్క వేలూ. "అసలు రాహుకాలం పదిన్నరకు వచ్చి పన్నెండుకు పోయిండె. పన్నెండు కొట్టినప్పుడు నీ బోర్డులో పదిన్నర. అంటే పన్నెండు నుంచి మళ్ళ మొదలు. పోతాపోతా ఉన్న రాహువును రెక్క పట్టుకోని వెనక్కి తెచ్చి కుర్చీ వేసినావు." చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "రాహుకాలం తప్పించుకునేటోళ్ళను చూసినా, లెక్కచెయ్యనోళ్ళను చూసినా. ఒకే పూట రెండు పెట్టించినోడు వీడొక్కడే."

అంతసేపూ పళ్ళు బిగపట్టిన లక్షుమ్మ మొదట నవ్వింది. తర్వాత మస్తాన్. ఆ నవ్వు ట్రాక్టరునుంచి ట్రాక్టరుకు పాకుతూ కర్నూలు బస్సుదాకా పోయింది. నవ్వితే కర్ర పట్టు సడలుతుందని అప్పుడే తెలుసుకున్నాను. రాహువుకు ఓవర్‌టైం వేసిన మొదటి మనిషిగా నా పేరు ఆ రోజే జిల్లా దాటిపోయింది.

వరస దిద్దే పని మిగిలింది. చీటీలన్నీ అబద్ధాలే కాబట్టి ఓబులన్న మిషను ఆపించి, ఎవరు ఎవరి ట్రాలీ వెనక నిలబడ్డారో వాళ్ళచేతే చెప్పించాడు. మొదటి పిలుపు లక్షుమ్మకని తేల్చాడు. పిలవడానికి మిషను లేదు. అందుకని నన్ను కాటా పక్కన నిలబెట్టాడు. మిషను పలికినట్టే పలకాలని, ఒక్కొక్క పేరు రెండుసార్లు చెప్పాలని, కాటా దగ్గరికి రావలసిందిగా కోరడం మరిచిపోకూడదని ఆజ్ఞ. పొద్దు వాలేదాకా పలికాను. లక్షుమ్మ తన తూకం అయిపోయినా పోకుండా నిలబడి, నా గొంతు తగ్గినప్పుడల్లా, "మిషనుకు వినపడల్యా" అని అరిచింది. దులిపిన ప్రతి బస్తా నా మీదే దులిపారని నా అనుమానం. సాయంత్రానికి పెళ్ళికొడుకును చేసినట్టు తలనుంచి కాలిదాకా పసుపు. గొంతు మాత్రం ఏ పెళ్ళికీ పనికిరాకుండా పోయింది.

ఆఖరి ట్రాక్టరు పోయాక ఓబులన్న ముందు నిలబడ్డాను. తొందరగా తేలిపోతే బాగుండునని, నా సంగతి ఏమిటన్నా అని అడిగాను. అడిగాననుకున్నాను. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఆయనకు అర్థమైంది.

"రోడ్డు జామయినప్పుడు నీ మబ్బోళ్ళకు ఫోన్ చేసి బాగా తిట్టినా" అన్నాడు. "ఆ పాప అంతా మర్యాదగా విని, టికెట్ నంబరు ఇచ్చింది. రాసుకోమంది. తిట్టినట్టే లేదు." నా మీద పసుపును కిందినుంచి పైదాకా చూశాడు. "సర్వర్లు ఆడ ఉండనీ. తిట్లు తినే దానికి ఈడ ఒక మనిషి ఉండాల గదా. నువ్వుండు."

ఆ విధంగా నా ఉద్యోగం నిలిచింది. మబ్బు ఈనాటికీ నిక్షేపంగా నడుస్తోంది, రెండు రాహుకాలాలు తాగి పుట్టిన బిడ్డ కదా, దేనికీ జంకదు. ఇంట్లో కిటికీ తెరలు మాత్రం పొట్టిగానే ఉన్నాయి.

కావున ఇందుమూలంగా, మా చర్చి గంట సాక్షిగా, ఓబులన్న పంచాంగం సాక్షిగా, పని ఎగ్గొట్టకుండా పదిన్నరకే వచ్చే రాహువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఏ గడియారం ముల్లూ నా చేత్తో ముట్టను, వెనక్కి కాదు కదా, ముందుకు కూడా తిప్పను. మొన్న మా గోడ గడియారం ఆగిపోయింది. బ్యాటరీ మార్చమని సుగుణ అంటే, చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడ్డాను. ఆమే స్టూలెక్కి మార్చింది. మార్చి, పైనుంచే టైమెంత అని అడిగింది.

"ఏ టైము?" అన్నాను.